తొమ్మిది నాలుకల దప్పళం

ఎవరైనా ప్రశ్న అడిగితే మంగతాయారు గారు జవాబు చెప్పరు, పని చెబుతారు. ఒకసారి ఒక శిష్యురాలు పొయ్యి పక్కన చతికిలబడి "మోక్షమంటే ఏమిటి దొడ్డమ్మా?" అని అడిగితే, "ముందు ఆ కందకి చెక్కు తీసి రా" అన్నారట. కంద దురద మూడు రోజులు వదల్లేదు. నాలుగో రోజు పొద్దున్న అది వదిలినప్పుడు, మోక్షమంటే ఏమిటో ఆ పిల్లకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

కోనసీమలో విందు వంటలు వండేవాళ్ళందరికీ ఆవిడే గురువు. గాడిపొయ్యి ముందు యాభై ఏళ్ళు నిలబడ్డ మనిషి. ఆవిడ ఈ ఒడ్డున ఇంగువ పోపు పెడితే ఆ ఒడ్డున ఉన్నవాళ్ళు వాసనతోనే అన్నం కలుపుకునేవారట. గోదావరి అన్ని పాయలుగా చీలిపోయింది కూడా ఆ పోపు ఏ ఊళ్ళో పడిందో వెతుక్కుంటూనే అని తెలిసినవాళ్ళు చెబుతారు. తెలియనివాళ్ళు భూగోళం పుస్తకాలు చదువుకుంటారు. శిష్యులంతా ఆవిణ్ణి దొడ్డమ్మ అనే పిలుస్తారు.

ఇంతటి మనిషి వంటింట్లోనూ ఒక ఆచారం ఉంది. గుండిగ దించేముందు ఉప్పు సరిపోయిందో లేదో ఏ ఒక్కరూ తేల్చెయ్యకూడదు. గురువుతో కలిపి వంటవాళ్ళు తొమ్మిదిమంది. అందరూ వరసగా నిలబడి చెయ్యి చాపాలి. అరచేతిలో తలో బొట్టు పడుతుంది. నాకి చూసి, "చాలు" అనో "పడాలి" అనో పదిమందికీ వినబడేలా ఒక్కమాట అనాలి. ఏ మాట ఎక్కువైతే అదే ఖాయం. మంగతాయారు గారికీ ఒక్క మాటే, నిన్నగాక మొన్న చేరి కొబ్బరి తురిమే మనిషికీ ఒక్క మాటే. ఇది ఎలా పుట్టిందో ఆవిడే చెప్పుకుని నవ్వుతారు. ముప్పై ఏళ్ళ కిందట ఒక పెళ్ళిలో, జలుబుతో నాలుక మొద్దుబారి ఉండి కూడా, ఎవర్నీ అడక్కుండా తనొక్కరే రుచి చూసి చారులో ఉప్పు వేశారట. మగపెళ్ళివారు తాగిన నీళ్ళకి ఆ ఊళ్ళో నాలుగు నూతులు అడుగంటాయి. పెళ్ళికొడుకు తాళి పక్కనపెట్టి బొండాల కోసం కొబ్బరిచెట్టెక్కాడు. "గురువు నాలుకైనా నాలుకేనే. దానికీ జలుబు చేస్తుంది," అంటారు దొడ్డమ్మ.

ఆ తొమ్మిది నాలుకల్లోనూ పదునైనది త్రిపురది. గోదావరి మధ్యనున్న పెదలంక మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయి, పదకొండేళ్ళుగా దొడ్డమ్మ దగ్గర నేర్చుకుంటోంది. చిటికెడు ఉప్పు నాలుక మీద వేస్తే ఏ ఊరి మడిలో పండిందో, ఆ పూట అక్కడ ఎండ కాసిందో మబ్బు పట్టిందో కూడా చెప్పేస్తుందని పేరు. ఆ రోజు ఆమెకి చిన్న రోజు కాదు. కళ్యాణమ్మ గారింట షష్టిపూర్తి విందు. వచ్చే నెల అదే ఇంట్లో పెళ్ళి. "దప్పళం మాత్రం ఆ త్రిపుర చేత చేయించండి. మొదటి బంతిలో కూచుని తింటాను. నచ్చిందా, పెళ్ళి వంట మొత్తం ఆ పిల్ల పేరు మీదే," అని కళ్యాణమ్మ గారు ముందే కబురంపారు. ఇంకొకరి గరిటె కింద పదకొండేళ్ళు గడిపిన మనిషికి ఆ మాట వింటే ఎలా ఉంటుంది? త్రిపుర వారం రోజులు నేల మీద నడవలేదు.

మరునాడే ఎన్నికలు. విందు రోజు పొద్దున్న గుమ్మడి, ఆనప, ములక్కాడ ముక్కలు తరుగుతుంటే ఎన్నికల మాటే వచ్చింది.

"ఏమ్మా త్రిపురా, రేపు ఓటుకి మీ లంక వెళ్తున్నావా?" అన్నాడు సుబ్బారాయుడు. వంటవాళ్ళలో పెద్దవాడు, అందరికీ బాబాయి.

"ఎందుకు బాబాయ్? రెండు బస్సులు, ఒక ఆటో, ఒక పడవ. పడవ దిగాక మోకాల్లోతు బురద. మా రేవుకి మెట్లు కట్టిస్తామని నేను పుట్టకముందు నించీ చెబుతున్నారు. మా నాయనమ్మ చెప్పు ఆ బురదలో జారిపోయింది, ఈపాటికి సింహళం చేరి ఉంటుంది." అందరూ నవ్వారు. నవ్వు దొరికేసరికి త్రిపురకి ఇంకాస్త ఊపొచ్చింది. దొడ్డమ్మ వైపు తిరిగింది. "మీరే చెప్పండి దొడ్డమ్మా. లక్షమంది వేస్తారు. అందులో నాదొక్కటి పడితే ఎంత, పడకపోతే ఎంత? ఎవరు గెలిచినా మనకీ పొయ్యి తప్పదు, మా రేవుకి ఆ బురద తప్పదు. మరి ఎందుకండీ వెయ్యడం?"

దొడ్డమ్మ గుమ్మడికాయని వేలితో కొట్టి చప్పుడు విన్నారు. "ఉప్పు చూసే వేళకి పొయ్యి దగ్గరుండు," అన్నారు. 

త్రిపుర దప్పళానికి దిగింది. కళ్యాణమ్మ గారింటి చింతపండు మూడేళ్ళ నాటిది. పురుగు పట్టకుండా దండిగా ఉప్పు కలిపి జాడీలో కూరినది. నానేసినప్పుడే త్రిపుర వేలు ముంచి చూసి సంగతి పట్టేసింది. అందుకే ఉప్పు దగ్గర చెయ్యి బాగా వెనక్కి తీసింది. ఆ మాట ఇంకెవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన పని ఉందని కూడా ఆమెకి తోచలేదు. ముక్క ఉడికింది, పులుసు చిక్కబడింది. గరిటె అంచుతో ఒక చుక్క తీసి నాలుక మీద వేసుకుంటే సరిగ్గా కుదిరింది. ఎంత సరిగ్గా అంటే, ఇంకొక్క ఉప్పు కణం పడితే పాపం, ఒకటి తీస్తే నేరం.

అప్పుడు ఆమెకి చీర గుర్తొచ్చింది. వడ్డన మధ్యలో కళ్యాణమ్మ గారు తలెత్తి "ఎవరమ్మా ఆ త్రిపుర?" అని అడుగుతారు కదా. అడిగితే, భుజాన మసిగుడ్డతో, ముక్కు మీద బూడిదతో వెళ్ళి నిలబడుతుందా? సంచీలో ఎర్రజామ రంగు పట్టుచీర ఉండనే ఉంది. మూర పూలు కూడా తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుంది.

"ఉప్పు చూసే వేళైందే," అన్నారు దొడ్డమ్మ.

"మీరంతా ఉన్నారు కదండీ! ఎనిమిది నాలుకలు. నాదొక్కటి లేకపోతే పులుసేం విరిగిపోదు," అని త్రిపుర గదిలోకి వెళ్ళింది. కాంతం అని ఆమె కింద పనిచేసే మనిషి ఉంది, త్రిపుర దగ్గితే తనూ దగ్గుతుంది. "అక్కే చూడనప్పుడు నేను చూసేదేమిటి? కుచ్చిళ్ళు పట్టేవాళ్ళు కావద్దూ!" అని వెనకాలే పరుగెత్తింది. దొడ్డమ్మ గది వైపు రెండుసార్లు కేకేశారు. "వస్తున్నాం, పిన్నీసు దొరకటం లేదు!" అని లోపలినించి వినబడింది. బయట మొదటి బంతికి ఆకులు వేసేశారు.

పొయ్యి దగ్గర మిగిలింది ఏడుగురు. ఆ ఏడుగురిలో సుబ్బారాయుడూ మరో ముగ్గురూ అప్పుడే పెరట్లో కొత్తావకాయ కలిపి వచ్చారు. కలిపాక రుచి చూడాలి కదా. వేడన్నం, కొత్త కారం, గానుగ నూనె. ఒకరు చూశారని ఒకరు, ఒక ముద్దతో తెలియలేదని ఇంకో ముద్ద. నలుగురి నాలుకలూ కమ్మరి కొలిమిలా ఉన్నాయి. ఆ స్థితిలో ఉన్న నాలుకకి అంతర్వేది దగ్గర సముద్రాన్ని తెచ్చి పోసినా చప్పగానే ఉంటుంది.

అరచేతుల్లో బొట్లు పడ్డాయి. "పడాలి," అన్నాడు సుబ్బారాయుడు. "పడాలి," "పడాలి," "పడాలి," అన్నారు వెనక ముగ్గురు. "చాలు," అంది నరసమ్మ. ఆవిడ పక్క మనిషీ చాలంది. చివర దొడ్డమ్మ తన అరచెయ్యి నాకి, కళ్ళు మూసి తెరిచి, "చాలు," అన్నారు.

నరసమ్మకి మనసు ఊరుకోలేదు. "దొడ్డమ్మా, కుందనంలా ఉందండీ పులుసు! వీళ్ళు ఆవకాయ నోళ్ళేసుకొచ్చారు. మీరొక్కమాట అనండి, ఎవరు కాదంటారో చూస్తాను!"

"అన్నానుగా ఒక్కమాట. నాకున్నదీ ఒకటే."

"అది కాదండీ..."

"నాలుగు పెద్దదో మూడు పెద్దదో నీకూ తెలుసు నరసమ్మా. ఇవాళ నేను దీన్ని దాటేశాననుకో. నాకు మళ్ళీ జలుబు చేసిన రోజున నన్ను ఆపేదెవరు?" ఆ మాట అని ఆవిడ కళ్ళుప్పు జాడీ మూత తీశారు. దోసెడు తీసి తన చేత్తోనే గుండిగలో వేశారు. వేస్తూ గది తలుపు వైపు ఒక్కసారి చూశారు. తలుపు వేసే ఉంది.

త్రిపుర బయటికి వచ్చేసరికి మొదటి బంతి కూచుంది. నేరుగా పందిట్లోకి వెళ్ళి, అరటిబోదె కట్టిన గుంజ వెనక నిలబడి పువ్వులు సర్దుకుంది. దప్పళం వచ్చింది. మొదటి ముద్దకి పంక్తి పంక్తంతా నిశ్శబ్దం. ఆహా, అనుకుంది త్రిపుర, మాటలు రావటం లేదు పాపం. రెండో ముద్దకి "మంచినీళ్ళు" అన్న మాట ఆ చివర పుట్టి, ఈ చివరికి వచ్చేలోపు కేకైపోయింది. ఒక తాతగారి మీసాలు నిటారుగా లేచి నిలబడ్డాయి, మళ్ళీ సాయంత్రం దాకా పడుకోలేదు. పెరట్లో ఒక కాకి ఎంగిలాకు మీద వాలి, ఒకసారి ముక్కు పెట్టి, నేరుగా కాలవకేసి ఎగిరిపోయింది. కళ్యాణమ్మ గారు తన గ్లాసు ఖాళీ చేసి, పక్కావిడ గ్లాసూ ఖాళీ చేసి, తలెత్తి అడిగారు.

"ఎవరమ్మా ఆ త్రిపుర?"

పువ్వులూ పట్టుచీరా అన్నీ ఉన్నాయి, కాళ్ళు మాత్రం మాట వినలేదు. కళ్యాణమ్మ గారి వైపు కాక వంటింటి వైపు పరుగెత్తాయి.

"ఎవరు వేశారు ఉప్పు?" అని త్రిపుర గుండిగ ముందు నిలబడి అరిచింది. "సరిగ్గా వేసి వెళ్ళానే! ఆ చింతపండులోనే బోలెడు ఉప్పుంది!"

"ఆ ముక్క అప్పుడు చెప్పాల్సిందమ్మా," అన్నాడు సుబ్బారాయుడు, కొంచెం గొంతు తగ్గించి. "మా నోళ్ళకి చప్పగా తగిలింది. పడాలన్నాం."

"మీ నాలుగు నోళ్ళూ కలిసి నా కొంప ముంచాయి కదా బాబాయ్!"

"నాలుగే తల్లీ. అంతకన్నా లేవు," అన్నాడు సుబ్బారాయుడు.

కాంతం మిగిలిన పిన్నీసు పళ్ళ మధ్య పట్టుకునే వేళ్ళు మడవడం మొదలెట్టింది. "చాలన్నది ముగ్గురు. నువ్వు నాలుగు. నేను..." పిన్నీసు నోట్లోంచి జారి కింద పడింది. "అయ్యో, అక్కా!"

త్రిపుర ముఖం చీర రంగుకి వచ్చింది. గుండిగలో ఇంకా సగం పులుసు ఉంది. దొడ్డమ్మ నింపాదిగా నిప్పులు ఎగదోస్తూ, "రెండో బంతికి పావుగంట ఉందే," అన్నారు. ఆవిడ వంటింట్లో ఏ మాటా రెండు బంతులు నిలవదు. ప్రతి బంతికీ ముందు మళ్ళీ చెయ్యి చాపాల్సిందే. మొదటి బంతిలో గెలిచినవాళ్ళు రెండో బంతిలో మళ్ళీ నాకి చెప్పాలి.

ఆ పావుగంటలో త్రిపుర చేసిన పని మామూలు మనుషులు చెయ్యాలంటే పుష్కరం పడుతుంది. పట్టుకుచ్చిళ్ళు బొడ్లో దోపి, ఉప్పెయ్యని గుమ్మడి ముక్కలు గంపెడు ఉడికించి వేసింది. ఆనపకాయలు నాలుగు వేసింది. వేణ్ణీళ్ళు పోసి, బియ్యప్పిండి కలిపి, బెల్లం అచ్చు ఒకటి కొట్టి వేసింది. ఇంత చేసీ అక్కడితో ఆగలేదు. చెంబు పట్టుకుని మనిషి మనిషి దగ్గరికీ వెళ్ళింది. "బాబాయ్, నీ పుణ్యముంటుంది, నోరు పుక్కిలించి రా. ఇదిగో మజ్జిగ, రెండు గుక్కలు తాగు. చింతపండు ఉప్పుదని గుర్తుంచుకో. మీ ముగ్గురూ కూడా. కాంతం, నువ్వు నా మొహం చూసి చెప్పకు, నీ నాలుకని అడిగి చెప్పు." కొబ్బరి తురిమే మనిషి నూతి దగ్గర చేతులు కడుక్కుంటుంటే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

ఈసారి చేతులు తొమ్మిది లెక్కగా చాపారు. మొట్టమొదటి చెయ్యి త్రిపురదే. "చాలు!" అన్న ఆమె కేక పందిట్లో సన్నాయి వాళ్ళకి వినబడి, మంగళవాయిద్యం ఆపమన్నారేమోనని వాళ్ళు ఆపేశారు కూడా. కాంతం చాలంది. నరసమ్మ చాలంది. వరసగా ఎనిమిది చాలులు పడ్డాయి. సుబ్బారాయుడు ఒక్కడూ అరచెయ్యి తిప్పి తిప్పి నాకి, "ఉప్పు సంగతి సరే, పులుపు పడాలి," అన్నాడు. ఎనిమిదిమందీ పకపకా నవ్వారు. అయినా ఆయన మాటనీ దొడ్డమ్మ పెద్దగా చెప్పి మరీ గుండిగ దింపించారు.

రెండో బంతి వాళ్ళు దప్పళం మూడుసార్లు అడిగారు. ఆకుల్లో పులుసుతో పాటు ఆకు మీద ఈనెలు కూడా మిగల్లేదంటే నమ్మాలి. ఆ సందడి విని కళ్యాణమ్మ గారు వంటశాలకే వచ్చేశారు, ఒక చేత్తో గిన్నె, రెండో చేత్తో ముందు జాగ్రత్తకి మంచినీళ్ళ చెంబు. గిన్నెలో వేయించుకుని తిన్నారు. చెంబు ఎత్తలేదు.

"ఇది వేరు చెయ్యిలా ఉందే! మొదటిది ఎవరు చేశారు?"

"అందులో ఉప్పు వేసిన చెయ్యి నాదండీ," అన్నారు దొడ్డమ్మ.

త్రిపుర గరిటె కింద పెట్టింది. ఊరుకుంటే పెళ్ళి వంట తనదే. ఆ సంగతి పొయ్యిలో నిప్పుకి కూడా తెలుసు.

"వేసిన చెయ్యి ఆవిడదే గానీ, వెయ్యనిచ్చింది నేనండీ," అంది. "రెండు పులుసులూ నావే. అడిగే వేళకి నేను లేను. చీర కట్టుకుంటున్నానండీ."

కళ్యాణమ్మ గారు ఆమెని పైనించి కిందికి చూశారు. జామరంగు పట్టు మీద బెల్లం మరక, కొంగు మీద గుమ్మడి గుజ్జు, జడలో బియ్యప్పిండి. "చీర బాగుంది," అన్నారు. "పెళ్ళి వంట మాత్రం దొడ్డమ్మ గారే చేస్తారు. నువ్వు పులిహోర ఒక్కటీ చెయ్యి. అది తిన్నాక మాట్లాడుకుందాం." నవ్వుతూనే అన్నారు గానీ, పదకొండేళ్ళు ఎదురుచూసిన పెళ్ళి వంట ఆ నవ్వుతో పాటే గుమ్మం దాటి వెళ్ళిపోయింది. త్రిపుర తల వంచుకుని "అలాగేనండీ" అంది.

అందరూ తిన్నాక వంటవాళ్ళు కూచున్నారు. అతిథుల దగ్గర మిగిలింది వంటవాళ్ళు తినాలి, అది ఏ వంటశాలలోనైనా ఉన్నదే. రెండో బంతి దప్పళం చుక్క మిగల్లేదు. మొదటి బంతిది రెండు బకెట్లు, బకెట్లకి బకెట్లే తిరిగొచ్చింది. దొడ్డమ్మ ముందు తన ఆకులో గరిటె నిండా పోసుకుని, తరవాత వరసగా తొమ్మిది ఆకుల్లోనూ పోయించారు.

కాంతం ఆకు మీద రెండు చేతులూ అడ్డం పెట్టింది. "నాకెందుకు దొడ్డమ్మా? నేను పడాలని అనలేదుగా!"

"చాలనీ అనలేదుగా," అన్నారు దొడ్డమ్మ.

"నేను గొంతు చించుకుని చాలన్నాను," అంది నరసమ్మ పక్కనించి. "నా ఆకు చూడు తల్లీ, నీకన్నా రెండు ముక్కలు ఎక్కువే పడ్డాయి." సుబ్బారాయుడు ఎవరి వైపూ చూడకుండా అన్నం కలుపుకున్నాడు. మొదటి ముద్దకి ఆయన కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి. ఆవకాయ మత్తు అప్పటికి పూర్తిగా దిగిపోయింది.

త్రిపుర తన ఆకులోది అన్నంలో కలుపుకుంది. మారు కూడా అడగలేదు, మెతుకు కూడా వదల్లేదు. ఆకు ఖాళీ చేసి, మడిచి, చెయ్యి కడుక్కుని వచ్చి, గిన్నెలు సర్దుకుంటున్న దొడ్డమ్మ పక్కన నిలబడింది.

"రేపు నాకు సెలవు కావాలండీ."

"ఎక్కడికే?"

"మా ఊరికండీ. తెల్లవారుజామునే మొదటి బస్సుకి."

దొడ్డమ్మ తలెత్తకుండా చేతిలో గిన్నె తుడిచి బోర్లించారు.

"సీసాతో నీళ్ళు పట్టుకెళ్ళు. ఉప్పు తిన్నావు, దారిలో దాహమేస్తుంది."